ట్రైలర్ ముక్కు మీద సైకిళ్ళు: కొన్నేళ్ళు వాడాక

చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌ను లాగుతూ సైకిళ్ళు కూడా తీసుకెళ్ళాలనుకునే వారికి నా సలహా ఇది. పెద్ద సైకిళ్ళను ట్రైలర్ ముందు భాగంలో, కారుకు తగిలించే కొక్కెమైన హిచ్‌కూ ట్రైలర్ పెట్టెకూ మధ్య ఉండే త్రికోణపు చట్రం మీద నిలబెట్టండి. పిల్లల సైకిళ్ళను కారు లోపల పెట్టండి. ట్రైలర్ వెనక మాత్రం తగిలించవద్దు. మిగతాదంతా ఈ మూడు మాటలకు కారణాలూ, ముందు భాగంలో పెట్టే స్టాండుతో ఇన్నాళ్ళ వాడకంలో మాకు ఎదురైన మంచిచెడులూ.

మేముండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని యాష్‌బర్న్‌లో. తెలుగు కుటుంబాలు బాగా ఉన్న ఊరు. పాత రైలు మార్గం మీద వేసిన 45 మైళ్ళ డబ్ల్యూ అండ్ ఓడీ సైకిలు బాట మా ఊరి మీదుగానే పోతుంది. పిల్లలిద్దరూ దాని మీదే సైకిలు నేర్చుకున్నారు. ఆ రుచి మరిగాక ఇంకా పొడవైన బాటల మీదకు మనసు పోయింది. వాషింగ్టన్ జార్జిటౌన్ నుంచి కంబర్లాండ్ దాకా సి అండ్ ఓ కాలువ గట్టు 184.5 మైళ్ళు. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయిన ఆ కాలువ గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ మరో 150 మైళ్ళు. ఈ దారుల పక్కన గుడారం వేసుకుని పొద్దున్నే సైకిలెక్కడం మా ఇంట్లో అందరికీ ఇష్టమైన సెలవు. అందుకే సైకిళ్ళు మాకు అదనపు సామాను కావు. అసలు వెళ్ళేదే వాటి కోసం.

మాది నీటిచుక్క ఆకారంలో ఉండే టియర్‌డ్రాప్ ట్రైలర్. లోపల ఇద్దరు పడుకోవచ్చు, పిల్లలు పక్కన గుడారంలో పడుకుంటారు. వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటిల్లు. సామానుతో కలిపి బరువు 1,600 పౌండ్లు. లాగేది మధ్యరకం ఎస్‌యూవీ. అది 3,500 పౌండ్ల వరకు లాగుతుంది, హిచ్ మీద నిలువుగా పడే బరువు 350 పౌండ్లు మించకూడదు. ఈ రెండో అంకెను చాలామంది పట్టించుకోరు. సైకిళ్ళ విషయంలో ప్రాణమంతా అందులోనే ఉంది.

ఎడ్లబండి తోలిన ఇళ్ళలో పుట్టినవారికి ఇది చెప్పనక్కరలేదు. బండి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచిపోతుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది. ట్రైలర్‌కూ ఇరుసు దగ్గర అదే లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. 10 కంటే తగ్గితే వేగం పెరిగిన కొద్దీ ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ఒకసారి పెరిగితే కారునే తిప్పేయగలదు.

స్టాండు కొనక ముందే మేము ఇంటి ముందు ట్రైలర్‌ను తూచాం. స్నానాల గదిలో వాడే తూకం యంత్రం మీద సరిపడా ఎత్తున్న చెక్కదిమ్మ నిలబెట్టి, చదును నేల మీద ట్రైలర్ ముక్కును దాని మీద దించితే చాలు. మాకు 190 పౌండ్లు వచ్చింది, అంటే 12 శాతానికి కాస్త తక్కువ. తర్వాత కాగితం మీద లెక్క వేశాం. హిచ్ నుంచి ఇరుసుకు 9 అడుగులు. రెండు పెద్ద సైకిళ్ళూ స్టాండూ కలిపి సుమారు 100 పౌండ్లు. వెనక తగిలిస్తే వాటి బరువు ఇరుసుకు 7 అడుగుల అవతల పడుతుంది. అంటే హిచ్ మీద 78 పౌండ్లు తగ్గి 112 మిగులుతుంది. సైకిళ్ళతో కలిపి మొత్తం బరువు 1,700 పౌండ్లు అవుతుంది కాబట్టి, శాతంలో 7 కంటే తక్కువ. మావారు ఇంజనీరు కాదు, నేనూ కాదు. చిన్నప్పుడు బడిలో తులాదండం గురించి చదివిన పాఠం చాలు ఈ లెక్కకు.

వెనక వద్దనడానికి ఇంకా కారణాలున్నాయి. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడు ట్రైలర్ తోక ఎగిరినంతగా కారు వెనక భాగం ఎగరదు. అందుకే కార్లకని తయారు చేసిన చాలా స్టాండ్ల కాగితాల్లో ట్రైలర్ మీద వాడవద్దని రాసి ఉంటుంది. దీపాలు, నంబరు పలక మరుగున పడతాయి. మాలాంటి ట్రైలర్‌లోనైతే సైకిళ్ళు దించకుండా వంటింటి తలుపే తెరుచుకోదు. దారి మధ్యలో టీ పెట్టుకోవాలన్నా సైకిళ్ళు దించాలి.

కారు కప్పు మీద పెట్టడం గురించి కూడా అనుభవంతోనే చెబుతున్నాను, ముందు భాగపు స్టాండు కొనేదాకా మేము అలాగే తీసుకెళ్ళాం. హిచ్ మీద భారం పెరగదు, అది నిజమైన లాభం. కానీ నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. 30 పౌండ్ల సైకిలును ఎస్‌యూవీ కప్పు మీదకు ఎత్తడం నా ఒక్కదాని వల్ల కాదు, సాయంత్రం అలసిపోయాక ఇద్దరి వల్లా సులువు కాదు. పెట్రోలు ఖర్చు స్పష్టంగా పెరిగింది. సముద్రతీరంలోని అస్సటీగ్ దీవికి వెళ్ళేటప్పుడు చెసపీక్ బే వంతెన దాటాలి. నాలుగు మైళ్ళకు పైగా నీళ్ళ మీద, పక్క గాలి తగిలే చోటు. కప్పు మీద సైకిళ్ళతో, వెనక ట్రైలర్‌తో అక్కడ స్టీరింగు మీద వచ్చే లాగుడు నాకు నచ్చలేదు. పైగా ఎత్తు దాదాపు 10 అడుగులకు చేరుతుంది. షెనాండోవా పార్కులో స్కైలైన్ డ్రైవ్ మీదున్న మేరీస్ రాక్ సొరంగం ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పార్కింగ్ భవనాలతో, క్యాంపు స్థలాల్లో కిందికి వంగిన కొమ్మలతో.

ఇక మేము స్థిరపడిన పద్ధతి. ముందు చట్రానికి బిగించే నిలువు స్తంభం, దానికి రెండు సైకిళ్ళ చక్రాలు కూర్చునే పళ్ళాలు, పైన సైకిలును పట్టి ఉంచే కొక్కేలు. స్టాండు బరువు 45 పౌండ్లు. సైకిళ్ళతో కలిపితే హిచ్ మీద 76 పౌండ్లు పెరిగి 266 అవుతుంది. అది 15 శాతం కంటే కొంచెం ఎక్కువ. అందుకని ట్రైలర్ లోపల ముందువైపు ఉంచే 7 గ్యాలన్ల నీళ్ళ డబ్బాను ఇరుసు మీదకు జరిపాం. నిండా ఉంటే 58 పౌండ్లు. అది జరిపాక 247కి దిగింది, పద్నాలుగున్నర శాతం. ఈ సర్దుబాటు తర్వాత ట్రైలర్ నడక ఎంత కుదురుగా మారిందంటే, 81వ నంబరు హైవే మీద పెద్ద లారీలు దాటిపోతున్నప్పుడు కూడా కారులో పిల్లలు నిద్ర లేవరు. 68వ హైవే మీద సైడ్లింగ్ హిల్ దిగుడులోనూ అంతే. వేగం మాత్రం గంటకు 60 మైళ్ళు దాటనివ్వం. ట్రైలర్ టైర్లలో చాలావాటికి 65 మైళ్ళే హద్దు.

నాకు అన్నిటికంటే నచ్చింది సైకిళ్ళు అద్దంలో కనబడుతూ ఉండడం. పట్టీ వదులైనా, చక్రం తిరుగుతున్నా వెంటనే తెలుస్తుంది. పెట్టడం, దించడం నడుము ఎత్తులోనే. నేనొక్కదాన్నే చేసుకోగలను.

లోపాలూ చెప్పాలి. మొదటిది మలుపు. వెనక్కు నడిపేటప్పుడు ట్రైలర్ బాగా మడుచుకుంటే సైకిలు హ్యాండిల్ కారు వెనక అద్దానికి ప్రమాదకరంగా దగ్గరవుతుంది. కొన్న రోజునే ఖాళీ స్థలంలో ఒకరు నడుపుతూ, ఒకరు పక్కన నిలబడి ఎంత మడుపు వరకు క్షేమమో చూసి పెట్టుకోవాలి. మేము హ్యాండిళ్ళను వదులు చేసి సైకిలుకు సమాంతరంగా తిప్పి పెడతాం. దాంతో అరచేతి వెడల్పున్న సందు అడుగున్నరకు పెరిగింది. రెండోది, ట్రైలర్ తగిలించి ఉన్నంతసేపు కారు వెనక తలుపు తెరవలేం. దారిలో కావలసిన పులిహోర డబ్బా, నీళ్ళు, చలికోట్లు వెనక సీటు దగ్గరే ఉంచుకోవాలి.

మూడోది మట్టి. కారు వెనక చక్రాలు చిమ్మే కంకర, బురద నీళ్ళు నేరుగా సైకిళ్ళ మీదకే వస్తాయి. గొలుసు దగ్గర పాత రెయిన్‌కోటు గుడ్డ చుట్టి కడతాం. మొత్తం సైకిలుకు ముసుగు వేస్తే గాలికి తెరచాపలా లాగుతుంది, వద్దు. అస్సటీగ్ నుంచి వచ్చాక ఉప్పుగాలి వల్ల గొలుసు తుప్పు పట్టకుండా ఆ రాత్రే మంచినీళ్ళతో కడిగి, తుడిచి నూనె వేయాలి.

బోల్టుల విషయంలో బద్ధకం పనికిరాదు. బయలుదేరిన 50 మైళ్ళకు ఆగి బిగించి చూస్తాం. ఎప్పుడూ కనీసం ఒకటి పావు చుట్టు తిరుగుతుంది. రబ్బరు పట్టీలు ఎండకు పగులుతాయి. మావి రెండో వేసవికే పగుళ్ళు చూపాయి, మార్చాం, ఇప్పుడు అదనపు జత ఎప్పుడూ పెట్టెలో ఉంటుంది. చట్రానికి బిగించిన చోట రంగు లేచి తుప్పు మొదలైంది, గీకి రంగు వేశాం. రెండు సైకిళ్ళు ఒకదానికొకటి రాసుకునే చోట ఉతికిన పాత టవల్ ముక్కలు కడితే గీతలు పడవు.

పిల్లల సైకిళ్ళు మూడో వరస సీట్లు మడిచి, కింద పాత దుప్పటి పరిచి, ముందు చక్రాలు విప్పి పడుకోబెడతాం. నాలుగూ ముందు చట్రం మీద పెట్టే స్టాండ్లు అమ్ముతారు గానీ మాలాంటి తేలిక ట్రైలర్‌కు ఆ బరువు తగదు. కారు హిచ్‌కు పొడిగింపు గొట్టం తగిలించి, మధ్యలో సైకిళ్ళు పెట్టి, వెనక ట్రైలర్ తగిలించేవాళ్ళనూ చూశాను. హిచ్ పొడవు పెరిగిన కొద్దీ అది మోయగలిగే బరువు బాగా పడిపోతుంది. ఆ పని ఎవరూ చేయకూడదని గట్టిగా చెబుతాను.

ఎలా పెట్టినా సరే, ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కవద్దు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకోండి. ట్రైలర్‌కు విద్యుత్ బ్రేకులుంటే కారులోని చేతి మీటతో వాటిని మాత్రమే మెల్లగా వేయండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా తెలిసి ఉండాలి.

మా మామగారు వేసవిలో వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పుల వల్ల బ్యాటరీ సైకిలే తొక్కుతారు. అలాంటివి ఒక్కోటి 60 పౌండ్ల దాకా ఉంటాయి. మా స్టాండు మొత్తం మోయగలిగేది 80. బ్యాటరీ విప్పి కారులో పెట్టినా రెండు సైకిళ్ళకు ఆ హద్దు సరిపోదు. అందుకే ఆయన వచ్చినప్పుడు మా పెద్ద సైకిళ్ళు రెండే తీసుకెళ్ళి, ఆయనకు బాట పక్కనున్న దుకాణంలో అద్దెకు తీసుకుంటాం. వేసవి శని, ఆదివారాల్లో త్వరగా అయిపోతాయి కాబట్టి వారం ముందే ఫోను చేసి చెప్పి ఉంచడం మంచిది.