విశాఖ బీచ్ రోడ్డు మీద వంద కిలోమీటర్లు: గది, దారి, రాత్రి

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సముద్రం పక్కనే వెళ్లే రోడ్డు ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. రెండుసార్లు వెళ్లొస్తే వంద. డిసెంబరులో నేనూ మా వదినా ఆ వందనూ కొంత పరుగు, కొంత నడకగా ఒకే విడతలో పూర్తి చేశాం. తమ్ముడు అద్దె స్కూటీ మీద నీళ్లు, తిండి, మందుల సంచీతో వెంట ఉన్నాడు. కిలోమీటరుకి ఇంత ఇస్తామని తెలిసినవాళ్లు ముందే మాటిచ్చారు. ఆ డబ్బంతా క్యాన్సర్ వైద్యానికి విశాఖ వచ్చే పిల్లల కుటుంబాలకి.

వదిన వాళ్ల అక్క కొడుకుకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తిరుగుతున్నప్పుడు ఆ కుటుంబాల కష్టం దగ్గర్నుంచి చూశాం. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకి వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. మందుల ఖర్చు ప్రభుత్వ పథకం కింద చాలావరకు గడిచిపోయినా గది అద్దె, బస్సు చార్జీలు, ఇద్దరు మనుషుల తిండి, పోయిన కూలి ఎవరిస్తారు? శ్రీకాకుళం అవతల నుంచో, ఒడిశా నుంచో వచ్చినవాళ్లు వైద్యం సగంలో మానేసి వెళ్లిపోయేది ఎక్కువగా ఈ ఖర్చుల వల్లే. నయమయ్యే జబ్బుతో ఉన్న బిడ్డను బస్సు చార్జీలు లేక ఇంటికి తీసుకుపోవడం ఎంత అన్యాయమో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు క్యాన్సర్‌కి కాలు పోగొట్టుకుని, 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. దేశంలో ప్రతి ఒక్కరి నుంచీ ఒక్క డాలరు అడిగాడు. మేమూ అదే పద్ధతి పట్టుకున్నాం. కిలోమీటరుకి రూపాయి ఇస్తామన్నా సంతోషంగా రాసుకున్నాం. పెద్ద మొత్తాలకన్నా ఇలాంటి చిన్నవే మాకు ఎక్కువగా వచ్చాయి.

ఇక గది సంగతి. ఇలాంటి పనికి వచ్చేవాళ్లు సముద్రం కనిపిస్తుందా, ఈత కొలను ఉందా అని చూడొద్దు. రాత్రి ఒంటిగంటకి తలుపు తీసే మనిషి ఉన్నాడా, అప్పుడు వేడినీళ్లు వస్తాయా, కరెంటు పోయినా లిఫ్టు నడుస్తుందా, ఈ మూడే అడగండి. ముందు రుషికొండ వైపు ఒక రిసార్టులో బుక్ చేశాం. ఫోన్లో ఏ వేళకైనా రావచ్చన్నారు. తీరా వెళ్లాక పదకొండుకి గేటు వేసేస్తామన్నారు. అడ్వాన్సు కూడా తిరిగివ్వలేదు. వెంటనే ఆర్కే బీచ్ వెనక సందుల్లో రోజుకి రూ.1,800కి ఒక లాడ్జి చూసుకున్నాం. గది చిన్నదే, గోడలకి రంగు వెలిసిపోయింది, కానీ యాభై కిలోమీటర్ల దగ్గర మేం సరిగ్గా అక్కడే ఉంటాం. రాత్రి కాపలా ఉండే పెద్దాయన అడక్కుండానే రెండు బకెట్ల వేడినీళ్లు పైకి పంపించారు. సాక్సులు మార్చుకుని, ఇరవై నిమిషాలు కాళ్లు గోడకి ఆనించి పడుకున్నాం. అదే లేకపోతే రెండో యాభై జరిగేది కాదు. ఇంకోసారి వెళ్లినా అక్కడే దిగుతాను.

సాయంత్రం నాలుగింటికి కురుసురా జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టాం. తెన్నేటి పార్కు దాకా జనం, ఐస్ బండ్లు, మురీ మిక్చర్ వాళ్లు. అక్కడ పరుగెత్తడం కుదరదు, నడవాల్సిందే. కైలాసగిరి కింద రోడ్డు కాస్త ఎక్కి దిగుతుంది. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ దాటాక ఊపిరి ఆడినట్టుంటుంది. రుషికొండ బీచికి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పగలు మరుగుదొడ్లు, స్నానపు గదులు శుభ్రంగానే ఉన్నాయి, రాత్రికి మూసేస్తారు. అక్కణ్నుంచి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు మీదుగా భీమిలి దాకా ఆడవాళ్లకి రాత్రిపూట మరుగుదొడ్డి దొరకడమే పెద్ద సమస్య. దారిలో తెరిచి ఉండే పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి. ఇంత పేరున్న రోడ్డు మీద ఈ ఒక్క వసతి లేకపోవడం నాకు చాలా బాధనిపించింది. వెలుతురు కూడా కొన్నిచోట్ల తక్కువే. తలకి లైటు, వీపుకి మెరిసే పట్టీ తప్పనిసరి. ఆడవాళ్లు ఒంటరిగా చేయొద్దనే నా సలహా. వెనకాల బండి ఉండాలి, 112, 108 నంబర్లు అందరికీ గుర్తుండాలి.

భీమిలి నాకు బాగా నచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. రాత్రి తొమ్మిదికే కొట్లు కట్టేస్తారు కాబట్టి తిండి మీరే తెచ్చుకోవాలి. మేం ఉప్పు వేసిన బంగాళాదుంపలు, పెరుగన్నం, చిన్న ముక్కలుగా కోసిన మాడుగుల హల్వా పెట్టుకున్నాం. నెయ్యి ఎక్కువ కాబట్టి హల్వా ఒక్కో ముక్కే, అదీ నడిచేటప్పుడే.

విశాఖలో చెమట ఆరదు. డిసెంబరులో కూడా గాలిలో తేమ ఎక్కువే. కారిన చెమటకి వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులతో మొదలై ప్రాణం మీదికొస్తుంది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్టే తీసుకుని, దాని మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. నొప్పి మాత్రలు వేసుకుని పరిగెత్తకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిలో కొన్నింటివల్ల కిడ్నీలు దెబ్బతినొచ్చు.

రెండోసారి భీమిలి వైపు వెళ్తుంటే, తెల్లవారుజామున మూడింటికి పెద్ద జాలరిపేట దగ్గర ఒక టీ కొట్టు తెరిచి ఉంది. వేటకి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన కొట్టు. నడిపే ఆమె మమ్మల్ని చూసి, “ఏటమ్మా, సాయంత్రం ఇటెల్లారు, అర్ధరాత్రి అటెల్లారు, మళ్లీ ఇటే పోతన్నారు, మొక్కా ఏటి?” అంది. వదిన పిల్లల సంగతి చెప్పింది. “అయితే మొక్కే కదమ్మా” అని అల్లం టీ రెండు గ్లాసులు పోసింది. డబ్బులిస్తే ఆ పిల్లల లెక్కలో వేసేయమంది. వేశాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షలమంది 32 కిలోమీటర్లు నడిచే ఊరిది. దారి పొడవునా మజ్జిగ పోసే చేతులు ఇక్కడివి. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లని చూసి ఇక్కడ ఎవరూ వింతపడలేదు, ఎందుకని మాత్రం ప్రేమగా అడిగారు.

చివరి పాతికా ఎండలో నడిచాం. రుషికొండ దాటాక వదిన అరికాలి బొబ్బ చితికింది. తమ్ముడు కడిగి, టేపు వేసి కట్టాడు. మిట్టమధ్యాహ్నం దాటాక జలాంతర్గామి దగ్గరికి చేరాం.

డబ్బు విషయం ఖచ్చితంగా చెప్పాలి. రైలు, గది, స్కూటీ, తిండి ఖర్చులన్నీ మా జేబుల్లోవే. విరాళంలో ఒక్క రూపాయి ముట్టుకోలేదు. విరాళం ఇచ్చేవాళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడుగుతారు. నగదు రూ.2,000 దాటితే ఆ మినహాయింపు రాదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. అందుకే ఈ కుటుంబాలకి సాయం చేసే సంస్థ ఖాతాకే నేరుగా వేయమన్నాం. చేతికి వచ్చిన చిన్న మొత్తాలతో ఆసుపత్రి సోషల్ వర్కర్ చెప్పిన కుటుంబాలకి గది అద్దెలు కట్టాం. మిగిలింది వచ్చే నెల కీమోకి వచ్చేవాళ్ల బస్సు చార్జీలకి ఉంచమన్నారు, ఉంచాం.