నాలుగు ప్రయాణాలు, నాలుగు పాలసీలు: ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో మా అనుభవం

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మాయీ అల్లుడూ డల్లాస్‌లో ఉంటారు. 2016 నుంచి ఇప్పటిదాకా మూడుసార్లు వాళ్ళ దగ్గరికి, ఒకసారి యూరప్ టూర్‌కి వెళ్ళొచ్చాం. నాలుగుసార్లూ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ఒక పెద్ద క్లెయిమ్, ఒక చిన్న క్లెయిమ్ చేశాం. మా వీధిలోనే ముగ్గురు ఈ వేసవికి తమ పిల్లల దగ్గరికి బయలుదేరుతున్నారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏది చవకగా వస్తుందండీ?" ఆ ప్రశ్న దగ్గరే పొరపాటు మొదలవుతుందని నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

2016లో మేమూ అదే అడిగాం. పాలసీ ఇప్పించిన ఏజెంటు ఫారం తనే నింపాడు. పాత జబ్బులు ఉన్నాయా అన్న గడి దగ్గర ఆగి, "బీపీ, షుగర్ రాయకండి మేడమ్, రాస్తే ప్రీమియం పెరుగుద్ది, ఒక్కోసారి పాలసీనే ఇవ్వరు" అన్నాడు. మావారికి అప్పటికే ఆరేళ్ళ నుంచి రెండూ ఉన్నాయి. సరే అన్నాం. ఆ ఆరు నెలలూ దేవుడి దయవల్ల జలుబు కూడా చేయలేదు. పాలసీ కాగితం మడత కూడా విప్పకుండా ఇంటికి తెచ్చాం.

2019 నవంబరులో రెండోసారి వెళ్ళేటప్పుడు అమ్మాయి పట్టుబట్టింది. "అమ్మా, ఉన్నవన్నీ రాయండి, లేకపోతే టికెట్టే బుక్ చెయ్యను" అంది. రాశాం. ప్రీమియం పెరిగింది, కానీ భయపడ్డంత కాదు. ఆ ప్రయాణంలో ఇంకో విషయం నేర్చుకున్నాం. 2020 మార్చి 28కి తిరుగు టికెట్టు. మార్చి 22 నుంచి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. పాలసీ ఏప్రిల్ 2 దాకా ఉంది. గడువు దాటాక పొడిగించరు, దాటకముందే అడగాలి. టికెట్టు తేదీకి అయిదు రోజులు ఎక్కువ తీసుకోబట్టి మాకు ఆ వ్యవధి దొరికింది. ఇప్పటిదాకా క్లెయిమ్ లేదనీ, ఆరోగ్యం బాగుందనీ రాసిచ్చి, డబ్బు కట్టి పొడిగించుకున్నాం. జూలైలో, చిక్కుకుపోయినవాళ్ళని తీసుకురావడానికి నడిపిన వందే భారత్ విమానం దొరికేదాకా అదే మాకు ధైర్యం. అప్పటి నుంచి తిరుగు తేదీ మీద కనీసం వారం కలిపి తీసుకుంటున్నాం.

అసలు పరీక్ష 2023లో. మే నెల, రాత్రి రెండు గంటలకి మావారికి నడుములో పొడుచుకొచ్చినట్టు నొప్పి. చెమటలు పట్టి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నారు. పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్న కార్డు తీసి అల్లుడి చేతికిచ్చాను. దాని మీద కంపెనీ తరఫున అమెరికాలో సాయం చేసే సంస్థ నంబరు ఉంది. కారులో వెళ్తూనే ఫోన్ చేశాడు. పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు అడిగి, ఒక రిఫరెన్స్ నంబరు ఇచ్చారు. ప్రాణం మీదికొస్తే ముందు అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కే చెయ్యాలి, అందులో సందేహం లేదు. కానీ ఆస్పత్రిలో అడుగు పెట్టిన రోజే ఈ నంబరుకీ చెప్పి తీరాలి. మా పాలసీలో ఆ మాట స్పష్టంగా రాసుంది.

ఎమర్జెన్సీలో నర్సు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: ఏ మందులు వాడుతున్నారు? మా అమ్మాయి అన్నీ చెప్పింది. మెట్‌ఫార్మిన్ ఎన్ని మిల్లీగ్రాములు, బీపీ బిళ్ళ ఏది, ఎన్నేళ్ళ నుంచి. నర్సు ఒక్కొక్కటీ కంప్యూటర్లో ఎక్కిస్తూ పోయింది. పక్కన నిలబడి చూస్తున్న నాకు 2016 నాటి ఆ ఖాళీ గడి గుర్తొచ్చింది. ఫారంలో దాచిన జబ్బుని డాక్టరు దగ్గర మనం దాచం, దాచకూడదు కూడా. ఆ రికార్డే తర్వాత క్లెయిమ్‌తో పాటు కంపెనీకి వెళ్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేది వాళ్ళే.

స్కాన్‌లో కిడ్నీలో రాయి అని తేలింది. తెల్లవారేసరికి నొప్పి తగ్గించి ఇంటికి పంపారు. క్యాష్‌లెస్ అన్నారు కానీ ఆ ఆస్పత్రి మన దేశపు పాలసీ మీద నేరుగా బిల్లు వెయ్యలేదు. తర్వాత రెండు నెలల్లో మూడు కవర్లు వచ్చాయి. ఒకటి ఆస్పత్రిది, ఒకటి డాక్టరుది, ఒకటి స్కాన్ చదివిన రేడియాలజిస్టుది. అక్కడ ఎవరి బిల్లు వాళ్ళదే. మూడూ కలిపి 5,600 డాలర్లు దాటింది. మొదటి కవరు చూసి ఇంతే కాబోలనుకుని క్లెయిమ్ వేసేస్తే మిగతా రెండూ మన నెత్తినే పడేవి. ప్రతిదానికీ దేనికెంత అని విడివిడిగా రాసిన బిల్లు కావాలన్నారు. ఆస్పత్రిని అడిగితే యూబీ-04 అనే ఫారం ఇచ్చారు. డిశ్చార్జ్ సమ్మరీ, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో స్టాంపు ఉన్న పేజీ కూడా పంపాం.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన సంగతి చెప్పాలి. రాయి పాతదే అయ్యుండొచ్చు, ఇండియాలో పాత రికార్డులు పంపమని ఉత్తరం రాశారు. మా గుంటూరు డాక్టరు దగ్గర ప్రయాణానికి ముందు చేయించిన పొట్ట స్కాన్ రిపోర్టు ఉంది. అందులో రాయి లేదు. అది పంపినా రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. చివరికి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాశాను. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, రూపాయి ఖర్చు లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఆ సంగతి ఉత్తరంలోనే రాశాను. మూడు వారాల్లో డబ్బు పడింది.

పూర్తిగా కాదు, 4,100 డాలర్లు. వంద డాలర్లు డిడక్టబుల్, అంటే మన వాటా. మిగతా కోత ఎందుకంటే, పాలసీ మీద లక్ష డాలర్లని ఉన్నా అరవై దాటినవారికి ఒక్కో ఖర్చుకి విడిగా పరిమితి ఉంది. స్కాన్లకు ఇంత, డాక్టరు ఫీజుకు ఇంత అని. అది పాలసీలో పదకొండో పేజీలో ఉంది. మొదటి పేజీలో లక్ష చూసి సంతోషపడ్డాం. మిగిలిన మొత్తం మీద అమ్మాయి ఆస్పత్రి బిల్లింగు వాళ్ళతో మాట్లాడి కొంత తగ్గించుకుంది. అక్కడ అలా అడగడం మామూలేనట.

బీపీ, షుగర్ రాసినంత మాత్రాన వాటి ఖర్చంతా ఇస్తారని అనుకోకండి. వాటివల్ల ప్రాణాపాయం వస్తేనే, అదీ ఒక పరిమితి దాకా. మామూలు చెకప్పులు, బిళ్ళలు మన ఖర్చే. అందుకే అరండల్‌పేటలోని మెడికల్ షాపులో ఆరు నెలలకి సరిపడా మందులు స్ట్రిప్పులతోనే కొని, డాక్టరు చీటీతో పాటు హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంటాం.

హ్యాండ్ బ్యాగు అంటే గుర్తొచ్చింది. 2023 ప్రయాణంలోనే మా పెద్ద సూట్‌కేసు ఒకటి మూడో రోజుకి గానీ రాలేదు. ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో ఫిర్యాదు రాయించి, పీఐఆర్ అనే కాగితం తీసుకున్నాం. అది లేకుండా బీమా కంపెనీ మాట కూడా వినదు. ఆ మూడు రోజులకి కొన్న బట్టల బిల్లులు పెడితే డబ్బు ఇచ్చారు.

2024 యూరప్ టూర్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, టూర్ వాళ్ళే చూసుకున్నారు. అమెరికా విజిటర్ వీసాకి అలాంటి షరతు లేదు. అందుకే చాలామంది వదిలేస్తున్నారు. ఖర్చు భయంకరంగా ఉండే చోటే బీమా లేకుండా తిరగడం నాకైతే మింగుడు పడదు.

ఇప్పుడు మళ్ళీ అమ్మాయి దగ్గరికి వెళ్ళబోతూ అమెరికా కంపెనీల ప్లాన్లు కూడా చూశాం. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనేవి చవక, కానీ ఒక్కో సేవకి ఇంత అని ముందే గీత గీస్తారు. మాకు దెబ్బ తగిలింది అలాంటి పరిమితి దగ్గరే. సేవకి ఇంత అని గీత గీయని కాంప్రహెన్సివ్ ప్లాన్లు మేలు, అక్కడి ఆస్పత్రులు తేలిగ్గా ఒప్పుకుంటాయి. ధర మాత్రం మాకు రెట్టింపు పైనే చెప్పారు. తగాదా వస్తే హైదరాబాద్‌లో అడిగే చోటు ఉండాలని, ఈసారీ మన కంపెనీ పాలసీయే చూశాం. వయసు పరిమితుల పేజీ ముందు చదివి, అవి లేనిదే ఎంచుకున్నాం. ప్రీమియం దాదాపు ఏడు వేలు ఎక్కువైంది.

పోయిన ఆదివారం ఫారం నింపాం. ఈసారి ఏజెంటుకి ఇవ్వలేదు, మావారు చెబుతుంటే నేనే రాశాను. బీపీ, షుగర్, ఏ సంవత్సరం నుంచి, ఏ మందు. కింద ఇంకో వరుస మిగిలింది. అందులో "కిడ్నీలో రాయి, మే 2023" అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించాను.