మెడ ముందుకు సాగిపోతోందా? ఇంట్లో వ్యాయామమా, ఫిజియోథెరపీనా, ఏది మేలు?

ముందు, మెడ, వీపు నిటారుగా ఉంచుతుందని చాలామంది కొనే పోశ్చర్ బెల్టు సంగతి తేల్చేద్దాం. కట్టుకున్నంతసేపు భుజాలు వెనక్కి ఉంటాయి, విప్పగానే మళ్లీ మామూలే. కండరాలు చేయాల్సిన పని అది చేసిపెడుతుంది కాబట్టి వాటికి బలం రాదు. దాన్ని నమ్ముకోవద్దు.

ఇక అసలు విషయానికొస్తే, మన తల దాదాపు 5 కిలోలుంటుంది. అది భుజాలకు తిన్నగా పైన ఉంటే ఇబ్బంది లేదు గానీ ముందుకు జరిగేకొద్దీ దాన్ని పట్టి ఆపలేక మెడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు వెనకాల వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండరాలేమో నీరసపడతాయి. అందుకే ఒట్టి మసాజ్‌తో పని జరగదు, ఆ లోపలి కండరాలకు పని చెప్పాల్సిందే.

ఇంట్లో అయితే చిన్ టక్ చాలా మంచిది. గోడకు వీపు ఆనించి, చూపు ఎదురుగానే ఉంచి, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి, 5 సెకన్లు ఆపి వదలాలి, అలా 10 సార్లు. చాలామంది గడ్డాన్ని కిందికి దించేస్తారు, లేదా మొహం పైకెత్తేస్తారు. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుంటే తెలిసిపోతుంది. మెడ ముందువైపు రెండు పక్కలా కండరాలు తాళ్లలా పైకి తేలుతున్నాయంటే మరీ గట్టిగా లాగుతున్నట్టే, జోరు తగ్గించండి. దీంతోపాటు రబ్బరు బ్యాండును వెనక్కి లాగుతూ వీపు పైభాగంలో భుజపు రెక్కల మధ్య కండరాలకూ పని చెప్పాలి.

ఫిజియోథెరపీ గొప్పతనం ఆ తప్పుల్ని అక్కడికక్కడే పట్టుకోవడంలో ఉంది. కొందరు ఫిజియోలు మెడ కింద గాలి సంచి పెట్టి, అందులో ఒత్తిడి 20 నుంచి 30 దాకా (బీపీ కొలిచే mmHg లెక్కలో) రెండేసి పాయింట్ల చొప్పున మీ చేతే పెంచిస్తూ, లోపలి కండరాలు ఎంతసేపు నిలబడుతున్నాయో మీటరు మీద చూస్తారు. ఇది ఇంట్లో కుదరదు. బిగుసుకున్న కీళ్లను చేత్తో వదులు చేస్తారు కూడా. కాకపోతే కాపడం, కరెంటు పెట్టి పంపేసి ఒక్క వ్యాయామమూ నేర్పని చోటికి వెళ్లడం దండగ.

నొప్పి లేకుండా వంపు మాత్రమే ఉంటే ఇంట్లోనే మొదలుపెట్టండి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి మరి. నొప్పి వారాల తరబడి వదలకపోతే కొన్ని సిట్టింగులు ఫిజియో దగ్గర నేర్చుకుని, తర్వాత ఇంట్లో కొనసాగించడమే నా ఓటు. చేతిలోకి తిమ్మిరి పాకుతున్నా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలుతున్నా ఈ రెండూ పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.