వీల్ బేరింగ్ మోతకు ఏ వారంటీ? నెక్సాన్ ఈవీ, జెడ్ఎస్ ఈవీల సంగతి

టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ జెడ్ఎస్ ఈవీ అనే ఎలక్ట్రిక్ కార్లు రెండూ 2020 జనవరిలోనే మన మార్కెట్లోకి వచ్చాయి. అప్పట్లో నెక్సాన్‌కి బ్యాటరీ, మోటారు మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఇచ్చారు. జెడ్ఎస్‌కి బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,50,000 కి.మీ. షోరూంలో గట్టిగా చెప్పిందీ, కొన్నవాళ్లకు గుర్తుండేదీ ఈ 8 ఏళ్ల మాటే. చక్రం సాఫీగా తిరిగేలా దాని నడుమ ఉండే వీల్ బేరింగ్ ఆ లెక్కలోకి రాదు. అది మామూలు వాహన వారంటీ కిందికి వచ్చే పార్టు. నెక్సాన్‌కి అప్పట్లో ఆ వారంటీ 3 ఏళ్లు లేదా 1,25,000 కి.మీ.; జెడ్ఎస్‌కి సొంత వాడకానికైతే 5 ఏళ్లు, కిలోమీటర్ల పరిమితి లేకుండా. అంటే 2020లో కొన్న నెక్సాన్‌లో బ్యాటరీకి 2028 దాకా కంపెనీ పూచీ ఉన్నా, బేరింగ్ పోతే 2023 నుంచే మన జేబుకి చిల్లు. ఈ విషయంలో జెడ్ఎస్‌దే పైచేయి. గుంతల రోడ్ల మీద తిరిగే బండికి మూడేళ్లు చాలా తక్కువ. అమెరికాలో టెస్లా నడిపే మనవాళ్లదీ ఇదే లెక్క: బేసిక్ వారంటీ 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, డ్రైవ్ యూనిట్‌కి 8 ఏళ్లు. అక్కడా వీల్ బేరింగ్ మొదటి దాంట్లోదే.

కాబట్టి మోత దేనిదో ముందు తేలాలి. జాబ్ కార్డు మీద ఏ పార్టు పేరు పడిందో దాన్నిబట్టే డబ్బు ఎవరు కట్టాలన్నది ఉంటుంది. ఇంజిన్ చప్పుడు లేని కారు కాబట్టి టైరు రొద, రిడక్షన్ గేరు (మోటారు వేగాన్ని తగ్గించి చక్రాలకు అందించే గేరు) కూత, బేరింగ్ హోరు మూడూ లోపలికి స్పష్టంగా వినిపిస్తాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం మామూలే.

ఖాళీ రోడ్డు మీద అద్దాలు ఎక్కించి, ఏసీ, పాటలు ఆపి 60 నుంచి 80 కి.మీ. వేగంలో వినండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలేసి రీజెన్ (మోటారే బండిని నెమ్మది చేస్తూ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించడం) పట్టినప్పుడు ఇంకో రకంగా సన్నగా కూస్తుంటే అది మోటారు, గేరు వైపుది. తొక్కినా వదిలినా తేడా లేకుండా, వేగంతోపాటే పెరిగే లావుపాటి హోరైతే అనుమానం బేరింగ్ మీదికి వెళ్లాలి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే చప్పుడు మారిపోతే టైరు. టైరు మీద అరచేతిని ముందుకీ వెనక్కీ రుద్దితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా గరుకుగా తగులుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి చూస్తే, చప్పుడూ వాటితోపాటే వెనక్కి వెళ్తుంది. ఈ పని చేయకుండా బేరింగ్ మార్చమనకండి.

అదే వేగంలో స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగ్, కుడికి తిప్పితే పెరిగితే ఎడమవైపుది అని మెకానిక్‌లు అంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఇవి రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగులు. ఏ వరుస పాడైందన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడవచ్చు, అందుకే లిఫ్ట్ మీద కూడా చూడాలి.

జాకీని బ్యాటరీ ట్రే కింద ఎప్పుడూ పెట్టొద్దు, పక్కనున్న జాకీ పాయింట్లే వాడాలి. చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట పట్టుకుని ఊపండి. లూజు కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే బేరింగ్, ఇంకా ఉంటే సస్పెన్షన్‌లోని బాల్ జాయింట్. 9, 3 దగ్గర మాత్రమే కదిలితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ చూడాలి. లూజు లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు, హోరు మొదలైన చాలా రోజులకు గానీ లూజు రాదు. అందుకే ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద ఆనించి రెండో చేత్తో చక్రం తిప్పండి. పాడైన బేరింగ్ గరగర స్ప్రింగ్‌లోంచి వేళ్లకు తెలుస్తుంది. వెనక చక్రాలకు హ్యాండ్ బ్రేకు వదిలితే ఈ పరీక్ష తేలిక. ముందువాటికి జాగ్రత్త. ఈ రెండు కార్లలో మోటారు ముందే ఉంది, గేరు ఎప్పుడూ పట్టే ఉంటుంది. చక్రంతోపాటు మోటారూ తిరుగుతుంది, దానిలోని అయస్కాంతాల లాగుడు బేరింగ్ గరుకులా అనిపించి మోసం చేస్తుంది. అక్కడ నకిళ్లకు (బేరింగ్ కూర్చునే ఇనప భాగాలకు) మైకులు తగిలించి నడుపుతూ వినే చాసిస్ ఇయర్ పరికరం ఉన్న వర్క్‌షాపే నయం.

వారంటీ గడువు దగ్గరపడుతుంటే ముందు ఫిర్యాదు రాయించండి. జాబ్ కార్డు మీద ‘నాయిస్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే లాభం లేదు. ఏ వైపు, ఏ వేగంలో, ఎటు తిప్పితే పెరుగుతోంది, మీటరు రీడింగ్ ఎంత అన్నీ ఉండాలి. సర్వీస్ అడ్వైజర్‌తో కాకుండా టెక్నీషియన్‌తో కలిసి టెస్ట్ డ్రైవ్ వెళ్లండి. లోపమేమీ లేదని తేల్చినా ఆ కాగితం కాపీ తెచ్చుకోండి, గడువు దాటాక అదే పెరిగితే ఆధారం అదే. గుంతలో గట్టిగా పడిన దెబ్బ, వరద నీళ్లు, బయట వేయించిన వెడల్పు అలాయ్ వీల్స్ క్లెయిమ్ తిరస్కరించడానికి చెప్పే కారణాలు. వాటిలో నిజమూ ఉంది. గుంత దెబ్బకు బాల్స్ తిరిగే దారిలో సొట్ట పడుతుంది, సీలు దాటి నీళ్లు వెళ్తే గ్రీజు పాడవుతుంది, చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేటట్టయితే వీల్ బేరింగ్ పేరు అందులో ఉందో లేదో కాగితం మీద చూశాకే డబ్బు కట్టండి.

గడువు దాటి బయట చేయించుకున్నా పర్వాలేదు, ఈ పనిలో నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల జోలికి వెళ్లే అవసరం రాదు. సుత్తితో కొట్టి ఎక్కించే చోట మాత్రం వద్దు. నకిల్‌లో బిగించేటప్పుడు బయటి రింగు మీదే ప్రెస్ ఒత్తాలి, లోపలి రింగు మీద ఒత్తితే కొత్త బేరింగ్ అక్కడే చెడుతుంది. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, కారు బరువు చక్రాల మీద పడకముందే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ముగించకూడదు. సీలులో అయస్కాంత రింగు ఉన్న బేరింగైతే ఆ వైపు ఏబీఎస్ సెన్సర్‌కి ఎదురుగా ఉండాలి. తిరగేసి వేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, కొన్ని కార్లలో రీజెన్ కూడా ఆగిపోతుంది. ప్రెస్‌తో ఊడదీసిన బేరింగ్ మళ్లీ పనికిరాదు కాబట్టి, ఎక్కించక ముందే అయస్కాంత రింగు ఏ వైపుందో మెకానిక్‌ని చూపించమనండి.