కొట్టకుండానే కాయ పండిస్తారా? మా ఇంట్లో లూడో కింగ్

మా అమ్మది కదిరి. మోకాళ్లు చూపించుకోవడానికి డిసెంబర్లో బెంగళూరు వచ్చి, రామ్మూర్తి నగర్లో మా ఇంట్లో రెండు నెలలు ఉంది. చిన్నప్పుడు మాకు అష్టాచెమ్మా నేర్పింది ఆమే. అరుగు మీద సుద్దతో గీసిన గడులు, నాలుగు గవ్వలు, కాయలుగా చింతగింజలు. ఇప్పుడు ఆమె కింద కూర్చోలేదు, కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. అందుకే నా ఫోన్లో లూడో కింగ్ వేసి, మంచం మీద దిండు పెట్టి, దాని మీద ఫోన్ పెట్టాను. అమ్మ, నేను, పిల్లలిద్దరు. అప్పటి నుంచి దాదాపు రోజూ రాత్రి ఒక ఆట.

నవీ ముంబయి కంపెనీ 2016లో తెచ్చిన ఈ గేమ్ 2020 లాక్‌డౌన్లో చాలా ఇళ్లలోకి వచ్చింది. ఆన్‌లైన్లో ముక్కూ మొహం తెలియనివాళ్లతోనూ ఆడొచ్చు. నాకు మాత్రం ఇందులో నచ్చింది ఒకే ఫోన్‌ను మధ్యలో పెట్టుకుని ఆడే పద్ధతే. ఎవరి వంతు వస్తే పాచిక వాళ్ల మూలకు వెళ్తుంది, ‘నీదా నాదా’ అన్న గొడవ లేదు. నెట్ అక్కర్లేదు. మేం నెట్ ఆపేసే ఆడతాం. ఆట మధ్యలో మెసేజులు రావు, పిల్లలు ఇంకో వీడియో వైపు జారిపోరు.

మొదటి రోజు అమ్మ పసుపు రంగు తీసుకుంది. పాచిక మీద వేలు పెట్టింది, కదల్లేదు. మళ్లీ పెట్టింది, కదల్లేదు. ఏళ్ల తరబడి వేరుశనగ కాయలు ఒలిచిన వేళ్లు అవి, కొసలు బండబారిపోయాయి. ఫోన్‌కు ఆ స్పర్శ అందడం లేదు. మా పాప ‘నేను వేస్తాలే అవ్వా’ అంది. అమ్మ ఒప్పుకోలేదు. నోట్లు లెక్కపెట్టేముందు చేసుకున్నట్టు వేలు కాస్త తడి చేసుకుని నొక్కింది, పాచిక తిరిగింది. ఆ తర్వాత ప్రతి వంతుకూ అదే పద్ధతి. అంతకుముందు పిడికిలి బిగించి ఒకసారి ఊపుతుంది, అందులో గవ్వలు ఉన్నట్టే. పెద్దవాళ్లకు ఈ గేమ్ నేర్పించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. స్క్రీన్ పనిచేయకపోతే వాళ్లకు రాదనుకోకండి, వేలు తడి చేసుకోమనండి.

ఇక అసలు తగాదా. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా కొడితేగానీ లోపలి వరుసలోకి పోనివ్వరు. లూడోలో ఆ నియమం లేదు. మా బాబు ఒక్క కాయ కూడా కొట్టకుండా, నక్షత్రం గుర్తున్న గడుల్లో దాక్కుంటూ నాలుగు కాయలూ పండించేశాడు. ‘కొట్టకుండానే పండిస్తారా ఎక్కడైనా?’ అని అమ్మ ఒప్పుకోలేదు. పై ఇంట్లో ఉండే మైసూరు ఆంటీ కూడా ఆమె పక్షమే. వాళ్ల చౌకాబారాలోనూ ఇదే రూలట. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గేమ్ ఎవరిని గెలిపించినా సరే, కొట్టకుండా గెలిస్తే మా నోట్‌బుక్‌లో అది గెలుపు కాదు.

ఈ గేమ్ గురించి అందరూ చెప్పే అనుమానం ఒకటుంది: పాచిక కావాలనే ఆరు వేయదని. ఒక రాత్రి అమ్మకు వరసగా పది వంతులు ఆరు పడలేదు. కాయలన్నీ ఇంట్లోనే, మొహం చిన్నబోయింది. నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెప్తాను, అందుకని కాగితం తీశాను. పది వంతుల్లో ఒక్క ఆరు కూడా పడకపోయే అవకాశం 100కు 16. నలుగురు ఆడుతుంటే, ఎవరో ఒకరు ఇలా పది వంతులు ఇంట్లోనే ఇరుక్కోవడం సగం ఆటల్లో జరిగేదే. తర్వాత నాలుగు రోజులు పడిన ప్రతి పందెమూ రాసిపెట్టాం. 300 పందేల్లో 50 ఆర్లు రావాలి, మాకు 53 వచ్చాయి. నా అనుమానం తీరిపోయింది.

ఆట పొడుగు మాత్రం ఓపిక పరీక్షే. బయటికి వచ్చాక ఒక్కో కాయ 56 గడులు నడవాలి, నాలుగూ కలిపి 224. పందేనికి సగటున మూడున్నర చొప్పున, దెబ్బ తినకుండా వెళ్లినా 64 పందేలు. మేం తొమ్మిదికి మొదలుపెడితే పదింటికిగానీ ముగిసేది కాదు. బడి ఉన్న రోజుల్లో ఇద్దరిద్దరుగా ఆడుకోవడం మేలు.

ఇంకో లోటు, గడులు లెక్కపెట్టే పని ఫోనే చేసేస్తుంది. మేం చింతగింజను గడిగడికీ తడుతూనే కూడికలు నేర్చుకున్నాం. అందుకే మా ఇంట్లో పాచిక నొక్కే ముందు ఎంత పడితే ఎవరి కాయ దొరుకుతుందో పైకి చెప్పాలి. రెండు వారాల్లో మా పాప వేళ్లు ముడవడం మానేసింది.

డబ్బు పెట్టి ఆడించే లూడో యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. అలాంటి ఒకదానిలో మా తమ్ముడు నెల రోజుల్లో 2,600 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఇంట్లో చెప్పలేక ఆర్నెల్లు నలిగిపోయాడు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు ముందుగా ఊపిరి పీల్చుకుంది మా మరదలే.

అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది కొట్టే రూలు లేనందుకు. అది పెట్టుకునే వీలు కల్పిస్తే అదీ ఇచ్చేస్తాను.

శివరాత్రికి అమ్మ కదిరి వెళ్లిపోయింది. నిన్న ఫోన్ చేసి మోకాళ్ల సంగతి రెండు మాటల్లో చెప్పేసి, ‘వాడు కొట్టకుండా గెలిచినవి నోట్‌బుక్‌లో కొట్టేసినావా పాపా?’ అని అడిగింది.