చెన్నైలో పిల్లల క్యాన్సర్ డే కేర్, నాలుగు సైకిళ్ల తర్వాత (5కి 4 స్టార్లు)

మాది నెల్లూరు. పాపకి ఆరేళ్లు, న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల్లో పుట్టే పిల్లల క్యాన్సర్) తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఇరినోటెకాన్, టెమొజోలమైడ్ అనే రెండు కీమో మందులు కలిపి, విడతలుగా (ఒక్కో విడతని సైకిల్ అంటారు) ఇవ్వాలని ఇక్కడికి పంపారు. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు.

డాక్టరుగారు తొందరపడకుండా కూర్చోబెట్టి చెప్పారు. ఈ రెండు మందులకి మూడోది కలిపి అమెరికాలో ట్రయల్ చేశారట, 2017లో ఫలితాలు వచ్చాయి, టెమ్సిరోలిమస్ కలిపిన 18 మందిలో ఒక్కరికే జబ్బు తగ్గుముఖం పట్టింది, డైనుటుక్సిమాబ్ కలిపిన 17 మందిలో 9 మందికి పట్టింది. రెండింటి మీదా ఆశ పెట్టుకునే మొదలుపెట్టారు, ఇచ్చి చూస్తేగాని ఇంత తేడా ఉందని తెలియలేదు. "మరి ఆ డైనుటుక్సిమాబే మా పాపకి ఇవ్వండి సార్" అన్నాను. దాని ఖరీదు మాకు అందేది కాదని దాచకుండా చెప్పి, ప్రస్తుతానికి ఈ రెండు మందులతోనే మొదలుపెడదాం అన్నారు. ఆ మాట వినడం కష్టంగానే ఉంది, కానీ ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

నర్సమ్మ గురించి తప్పకుండా చెప్పాలి. టెమొజోలమైడ్ క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు, పరగడుపునే మింగించాలి, గంట ఆగాక ఇరినోటెకాన్ డ్రిప్, ఇలా ఐదు రోజులు. మా పాప మాత్ర చూస్తేనే నోరు బిగించేది. ఆమె ముందు చక్కెర పూసిన సోంపు గింజ నాలుక మీద పెట్టి నీళ్లు తాగించింది, తర్వాత టిక్‌టాక్ పిప్పరమెంటు బిళ్ల, మూడో రోజుకి క్యాప్సూల్ గుటుక్కున దిగిపోయింది. "మింగేశా నాన్నా" అని నోరు తెరిచి చూపించింది.

ఇక ఫిర్యాదు. జాగ్రత్తల కాగితం తమిళంలో, ఇంగ్లీషులోనే ఇచ్చారు. ఇరినోటెకాన్‌కి విరేచనాలు పట్టుకుంటాయని, వెంటనే ఏం చేయాలో అందులోనే ఉందట, మాకు చదవడం రాదు. మొదటి సైకిల్లో లాడ్జిలో అర్ధరాత్రి పాప వాడిపోయి కళ్లు లోపలికి పోయాక పరిగెత్తాం. నెల్లూరు, తిరుపతి నుంచి ఇంతమంది వస్తున్నారు, ఒక్క తెలుగు కాగితం వేయించలేరా? అడిగాను, నర్సమ్మే చేత్తో రాసిచ్చింది. రెండో సైకిల్ నుంచి ఆ విరేచనాలు రాకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ సిరప్ ముందే మొదలుపెట్టారు, మళ్లీ ఆ గొడవ రాలేదు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే ఫార్మసీ టోకెన్ తీసుకోండి, అక్కడే ఎక్కువసేపు పడుతుంది. మొన్నటి స్కాన్‌లో గడ్డ కొంచెం చిన్నదైంది. ఐదో సైకిల్ సోమవారం.