ఇద్దరు పెద్దోళ్లు, ఒక చిన్నది

పెద్దోడికి 27, చిన్నోడికి 24, పాపకు 5. నాకు 52.

కొడుకులకు ఫోన్ చేస్తే "బీపీ మాత్ర వేసుకున్నావా నాన్నా?" అని వాళ్లే అడుగుతారు. అడిగితేనే సలహా చెప్పాలి, లేదంటే ఊరుకోవాలి. నాకు చేతకానిది అదే. వాళ్ల చిన్నతనమంతా నా నైట్ షిఫ్టుల్లోనే పోయింది.

పాప అలా కాదు. బూటు లేసు కట్టమని కాలు చాపి కూర్చుంటుంది. ఇప్పుడు ఓపిక ఉంది, మోకాళ్లే లేవు. స్కూలు గేటు దగ్గర ఎవరో "తాతయ్య వచ్చారు" అంటే, "మా నాన్న!" అని గట్టిగా దిద్దింది.

డబ్బు లెక్కా వేరే. కొడుకుల చదువు లోన్లు వాళ్లే కట్టుకుంటున్నారు. పాపకు మొన్ననే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాను. 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మెచ్యూరిటీ. అప్పటికి నాకు 73. వేళ్లు మడిచి లెక్కేస్తుంటే పెద్దోడు చూసి, "నేను కడతాలే" అన్నాడు.